మిత్రపరిశీలనము

నీతిచంద్రిక చదివిన ప్రతి తెలుగువాడును పింగళక సంజీవకుల కథ నెఱుగును. అడవికి రాజైన సింహమునకు వృషభము ప్రాణమిత్రమైనది. అయినను ఆ మిత్రుని స్వభావమును రాజు తానుగా పరిశీలించి తెలిసికొనలేదు. దమనకుడు చెప్పినదే సత్యమని నమ్మెను. స్నేహము కుదిర్చినది ఆ నక్కయే. దానిని చెఱచినదియు ఆ నక్కయే. తుదకు మిత్రుడు హతుడయ్యెను. రాజునకు దుఃఖము మిగిలెను. మిత్రభేదమను పేర బాలురకు చెప్పబడుచున్న ఈ కథ నిజమునకు రాజ్యము లేలువారికి చెప్పినది. తన మిత్రుని గూర్చి పరుల నోటివలననే తెలిసికొను రాజునకు మిత్రుడు లేడు. నక్క మాత్రమే యున్నది.

కౌటిల్యుడు రాజ్యమునకు ఏడు అంగములు చెప్పెను. స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము అను ఆఱింటి తరువాత మిత్రుని ఏడవ అంగముగా నిలిపెను. కోటగోడ బీటలు వాఱినదేమో చూచుటకు కాపరులు గలరు. బొక్కసపు లెక్కలు సరిచూచుటకు గణకులు గలరు. దండును పరీక్షించుటకు సేనాపతులు గలరు. మిత్రుడను అంగమును పరీక్షించువారెవరు? శత్రువును గూర్చి తెలిసికొనుమని ఎవరును చెప్పనక్కఱలేదు. భయమే గురువై నేర్పును. మిత్రుని విషయమున భయము లేదు గనుక గురువును లేడు. మిత్రదేశపు శాసనసభ ఎట్లు నడచును, దాని ప్రజలలో ఏ వర్గమువారు ఏమి కోరుచున్నారు, రేపటి ఎన్నికలో గెలువబోవువాడు నేటి వాగ్దానమును నిలుపునా, వమ్ము చేయునా అను ప్రశ్నలు స్నేహము నడుచుచున్నంతకాలము అమర్యాదగా తోచును. స్నేహము చెడిన నాడు వాని జవాబులకై వెదకిన ప్రయోజనము లేదు.

ఈ లోపమును తీర్చుకొనుటకు ఆధునికరాజ్యములు కనుగొన్న సాధనములలో విశ్వవిద్యాలయమున నెలకొల్పబడు పరిశోధనాకేంద్రము ఒకటి. దానికి నేడు ప్రముఖమైన నిదర్శనము ఆస్ట్రేలియాలో గలదు. సిడ్నీ విశ్వవిద్యాలయమున 2006లో స్థాపితమైన యునైటెడ్ స్టేట్స్ స్టడీస్ సెంటర్, అనగా అమెరికా సంయుక్త రాష్ట్రముల అధ్యయన కేంద్రము, తమ దేశమునకు అతిముఖ్యమైన మిత్రరాజ్యపు రాజకీయములను, విదేశాంగనీతిని పరిశోధించుటయే పనిగా పెట్టుకొన్నది. దాని పుట్టుక, దాని ఘనత, దాని లోటు, మూడును మనకు పాఠములే. ఆ పాఠములు చదివిన పిమ్మట మన హైదరాబాదు వైపు చూపు త్రిప్పవలసి యున్నది.

ఆస్ట్రేలియాకు అమెరికాతో గల మైత్రి ఆపత్కాలమున పుట్టినది. 1941 డిసెంబరు నెలాఖరున, జపాను సేనలు మలయా మీదుగా దిగి వచ్చుచుండగా, ప్రధాని జాన్ కర్టిన్ తమ దేశము ఇక అమెరికా వైపు చూచునని బాహాటముగా ప్రకటించెను. బ్రిటనుతో గల పాతబంధుత్వము తమ్ము కాపాడజాలదని ఆయన గ్రహించెను. రెండు నెలలు గడవకముందే సింగపూరు పడిపోయి, ఆయన మాట నిజమైనది. యుద్ధానంతరము 1951 సెప్టెంబరు 1వ తేదీన సాన్ ఫ్రాన్సిస్కో నగరమున ఆస్ట్రేలియా, న్యూజిలాండు, అమెరికాల నడుమ ఆంజస్ అను ఒడంబడిక జరిగినది. న్యాయవాదుల కంటితో ఆ పత్రమును చదివినచో ఒక విశేషము కానవచ్చును. ఎవరిపై దాడి జరిగినను సంప్రదించుకొందుమనియు, తమ తమ రాజ్యాంగపద్ధతుల ననుసరించి ఉమ్మడి అపాయము నెదుర్కొందుమనియు మాత్రమే అందు గలదు. తప్పక దండు పంపుదుమను మాట లేదు. పత్రమున లేని హామీని ప్రజలు మనస్సులలో వ్రాసికొన్నారు.

ఆ వ్రాసికొన్న హామీకి ప్రీమియముగా వారు చెల్లించిన మూల్యము తక్కువది గాదు. వియత్నాము యుద్ధమున సుమారు 60,000 మంది ఆస్ట్రేలియనులు పాల్గొనిరి. 500 మందికి పైగా మరణించిరి. అర్ధశతాబ్దము బీరువాలో నున్న ఒడంబడికను మొట్టమొదట బయటికి తీసినది 2001 సెప్టెంబరులో. తనను కాపాడుమని ఆస్ట్రేలియా దానిని తీయలేదు. న్యూయార్కు, వాషింగ్టనులపై దాడి జరిగినందున అమెరికాకు తోడు నిలుచుటకు తీసినది. ఆ వెనుక ఆఫ్ఘనిస్థానము, 2003లో ఇరాకు. ఇరాకు యుద్ధమునకు ముందు ఆస్ట్రేలియా నగరములలో లక్షలాది జనులు వీథులకెక్కి వలదనిరి. ప్రభుత్వము వినలేదు. 2005లో లోవీ సంస్థవారు ప్రజాభిప్రాయము సేకరింపగా, ఇస్లామిక తీవ్రవాదమునకు ఎంత వెఱచుచున్నారో అమెరికా విదేశాంగనీతికిని అంతే వెఱచుచున్నట్లు ఆ దేశప్రజలు చెప్పిరి. మిత్రరాజ్యమును నడుపుచున్న పెద్దలకు ఈ మాట పిడుగుపాటుగా వినబడినది.

సిడ్నీ కేంద్రము పుట్టినది ఈ వాతావరణముననే. 1948లో న్యూయార్కున స్థాపింపబడి ఇరుదేశముల సంపన్నుల మైత్రికి పీఠముగా నున్న అమెరికన్ ఆస్ట్రేలియన్ అసోసియేషన్ దీనికి పూనుకొన్నది. జాన్ హోవర్డ్ ప్రభుత్వము బొక్కసమునుండి 2 కోట్ల 50 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు మూలధనముగా నిచ్చినది. విశ్వవిద్యాలయములు పోటీపడగా సిడ్నీవారికి ఆ భాగ్యము దక్కినది. పైకి చెప్పిన ఆశయము అమెరికాను గూర్చి ఆస్ట్రేలియనులకు లోతైన అవగాహన కలిగించుట. లోపలి ఆశయమును ఊహించుటకు గొప్ప బుద్ధి అక్కఱలేదు. ప్రజలు మిత్రునిపై అలిగియున్నారు. వారికి మిత్రుని బాగుగా పరిచయము చేసినచో అలుక తీరునని దాతలు తలచిరి.

దానపత్రములోని ఉద్దేశమును బట్టి దానమునకు అర్థము చెప్పుట న్యాయశాస్త్రమున ఒక సూత్రము. ఆ సూత్రమును మాత్రమే పట్టుకొని ఈ కేంద్రమును ప్రచారశాల యని త్రోసివేయువారు గలరు. మేము వారితో ఏకీభవింపము. విద్యాలయమున ఒకసారి దీపము వెలిగించిన పిమ్మట అది దాత ముఖమును మాత్రమే చూపునని నిశ్చయము లేదు. ఈ కేంద్రము అమెరికా అధ్యక్ష ఎన్నికలను, కాంగ్రెసు సభల తీరుతెన్నులను, ఆ దేశపు ప్రజాభిప్రాయమును సంవత్సరముల తరబడి పరిశీలించినది. విద్యార్థులకు చరిత్రయు రాజకీయమును బోధించినది. వారిలో కొందఱిని అమెరికాకు పంపి అచ్చటి కార్యాలయములలో పని నేర్పించినది. 2019 ఆగస్టులో దాని పండితులు ప్రకటించిన నివేదిక యొకటి దేశదేశములలో చర్చకు వచ్చినది. హిందూ-పసిఫిక్ మహాసముద్ర ప్రాంతమున అమెరికాకు తిరుగులేని సైనికాధిక్యము ఇక లేదనియు, దాని సాధనములకును ఆశయములకును పొత్తు కుదురుట లేదనియు, చైనా దాడి చేసిన యెడల మిత్రులను కాపాడు శక్తి నానాటికి సందేహాస్పదమగుచున్నదనియు ఆ నివేదిక నిర్మొగమాటముగా చెప్పినది. మిత్రుని కీర్తించుటకు కట్టిన మందిరమునుండి మిత్రుని బలహీనతను గూర్చిన హెచ్చరిక వెలువడినది. ఇది ఆ విద్వాంసులకు శోభ తెచ్చిన పని. ఇట్టి మాట మంత్రుల నోట వచ్చినచో రాయబారులు కనుబొమలు ముడివేయుదురు. విద్వాంసుడు చెప్పిన విని ఊరకుందురు. కేంద్రములవలన రాజ్యమునకు గల ప్రథమప్రయోజనము ఇదియే.

అయినను ఆ నివేదిక చూపిన చికిత్స యేమి? అమెరికా ఒంటరిగా మోయలేని భారమును మిత్రులందఱును కలిసి పంచుకొనవలయుననియు, ఉమ్మడి రక్షణను మఱింత బిగింపవలయుననియు నది చెప్పినది. అది తప్పని మా వాదము గాదు. తప్పో ఒప్పో ఆ దేశస్థులు తేల్చుకొందురు. మేము చూపదలచినది వేఱొకటి. మైత్రిని ఎట్లు నడుపవలయునను ప్రశ్న ఆ ఇంట స్వేచ్ఛగా అడుగబడును. మైత్రి ఏ మేరకు కావలయును, ఎచ్చట ఆగవలయును అను ప్రశ్న గడపకు అవతలనే మిగిలిపోవును. 2022లో ఆ కేంద్రమునకు అధిపతిగా వచ్చిన మైకేల్ గ్రీన్ గొప్ప విద్వాంసుడు. ఆయన పూర్వము అధ్యక్షుడు బుష్ కాలమున అమెరికా జాతీయ భద్రతా మండలిలో ఆసియా వ్యవహారములు చూచినవాడు. లోపలి సంగతులు తెలిసినవాడు దొరకుట లాభమే. కాని పరిశోధింపబడు ప్రభుత్వమున కొలువు చేసినవారు పరిశోధనకు పెద్దలగునప్పుడు, బల్లకు ఎదుటివైపున మఱియొక బాణీవారికిని అంతే గౌరవమైన పీట వేయవలసి యుండును.

మా వృత్తిలో అనుభవమునకు వచ్చిన సంగతి యొకటి ఇచ్చట చెప్పదగియున్నది. ప్రతిపక్షపు సాక్షిని అడ్డుప్రశ్నలతో త్రిప్పలు పెట్టుట చూచువారికి గొప్పగా కనబడును. అంతకంటె కష్టమైన పని కోర్టుకు పోకముందే తన కక్షిదారును తన గదిలో కూర్చుండబెట్టి గట్టిగా ప్రశ్నించుట. ఆతడు ఫీజు ఇచ్చినవాడు, ఇంటికి వచ్చినవాడు, ఆదరముగా మాటాడువాడు. ఆతని దస్తావేజులో దిద్దుబాటు కనబడినను అడుగుటకు నోరు రాదు. అడుగని ప్లీడరు వ్యాజ్యము ఓడును, కక్షిదారునకును ద్రోహము చేసినవాడగును. మిత్రరాజ్యమును పరిశోధించు పండితుడు ఈ గదిలోని ప్లీడరు వంటివాడు. ఫీజు ఎవరు చెల్లించుచున్నారను ప్రశ్న ఆతనికి సర్వదా ఎదురుగ నుండును.

ప్రశ్నింపకుండుటవలన వచ్చు నష్టము ఎంత పెద్దదో 2021 సెప్టెంబరులో బయటపడినది. ఆస్ట్రేలియా, బ్రిటను, అమెరికా ప్రభుత్వములు ఆకస్ అను ఒప్పందమును ప్రకటించినవి. ఫ్రాన్సుతో కుదిరియున్న జలాంతర్గాముల ఒప్పందము ఒక్కపెట్టున రద్దయినది. అణుశక్తితో నడచు జలాంతర్గాములు ఆస్ట్రేలియాకు సమకూర్చుట ఈ కొత్త ఒప్పందపు సారము. కొద్దిమంది మంత్రులు, అధికారులు రహస్యముగా నడిపిన ఈ వ్యవహారము ప్రతిపక్షమువారికి ప్రకటనకు ముందుదినమున తెలిసినది. వారు ఒక్క దినములోనే సమ్మతించిరి. 2023 మార్చిలో వెల్లడియైన అంచనాల ప్రకారము 2050ల నడిమివఱకు దీనికగు వ్యయము 26,800 కోట్ల నుండి 36,800 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. రెండుకోట్ల డెబ్బదిలక్షల మంది గల దేశమున ఇది తలకు సుమారు 10,000 డాలర్లు మొదలుకొని 13,000 దాటు భారము. రెండు సంవత్సరములు గడచునప్పటికి, 2025 జూన్‌లో, అమెరికా రక్షణశాఖయే ఈ ఒప్పందము తమ దేశప్రయోజనములకు తగునా తగదా యని పునఃపరిశీలనకు పూనుకొన్నది. ఆ యేడే అక్టోబరులో అధ్యక్షుడు ట్రంపు దానికి మద్దతు తెలిపెను. ఒక దేశపు మూడుదశాబ్దముల రక్షణవ్యయము మఱియొక దేశమున నాలుగునెలలపాటు త్రాసులో ఊగినది.

గొప్ప కేంద్రము పదునైదేండ్లుగా తమ ముంగిటనే యుండగా ఇంతటి నిర్ణయము బహిరంగచర్చ లేకుండ ఎట్లు జరిగినదని పాఠకులు అడుగవచ్చును. జవాబు సులభము. పరిశోధన యొక గదిలో, నిర్ణయము మఱియొక గదిలో. నడుమ తలుపు లేదు. నిర్ణయము వెలువడిన పిమ్మట దానిని ఎట్లు నెఱవేర్పవలయునో వివరించుటకే విద్వాంసులకు పని దొరకినది.

తలుపు తెఱచియున్న చోట ఏమి జరుగునో పొరుగునున్న న్యూజిలాండు చూపినది. 1984లో అధికారమునకు వచ్చిన డేవిడ్ లాంగీ ప్రభుత్వము అణ్వాయుధములు గల నౌకలను తమ రేవులకు రానీయమని చెప్పినది. ఆ ప్రశ్నపై ఆ దేశమున వీథివీథిని వాదము జరిగియుండెను. 1985లో అమెరికా నౌక యొకదానిని రావలదనిరి. 1986లో అమెరికా ఆంజస్ క్రింద న్యూజిలాండు పట్ల తనకు గల బాధ్యతలను నిలిపివేసినది. 1987లో న్యూజిలాండు తన అణునిషేధమును శాసనముగా చేసికొన్నది. దానివలన ఆ చిన్నదేశము మునిగిపోలేదు. అమెరికాతో స్నేహమును చెడిపోలేదు. మిత్రునకు కాదని చెప్పగలవాని మైత్రికే విలువ గలదని దీనివలన తేలుచున్నది.

నిష్పక్షపాతముగా తూచుటకు ఇంకొక్క సంగతి. అదే సిడ్నీ నగరమున, వేఱొక విశ్వవిద్యాలయమున, 2014లో చైనా సంబంధములను గూర్చిన పరిశోధనాసంస్థ స్థాపితమైనది. చైనాలో పుట్టి ఆస్ట్రేలియాలో వ్యాపారము చేయుచుండిన ధనికుని విరాళము దానికి మూలధనములలో ఒకటి. దానిపై తీవ్రమైన విమర్శ చెలరేగినది. ధనము వెనుక బీజింగు నీడ యున్నదనిరి. విమర్శ మంచిదే. ఇచ్చట రాజ్యపు బొక్కసపు సొమ్ము, అచ్చట వ్యక్తి సొమ్ము అను భేదమును మేము మఱచుట లేదు. అయినను అమెరికా మైత్రిని పెంపొందించు కోరికతో సంపన్నుల సంఘము పూనుకొని పెట్టించిన కేంద్రమునుగూర్చి అంతటి కలవరము పుట్టలేదు. త్రాసు ఒక్కటియే కావలయును. పరుల ఉద్దేశము మనకు ఇష్టమైనదైనంత మాత్రమున అది ఉద్దేశము కాకపోదు.

ఇక మన ఇంటికి వత్తము. భారతదేశము ఏ రాజ్యముతోను సైనికకూటమి కట్టలేదు గాని మిత్రరాజ్యములు దానికి లేకపోలేదు. అమెరికాను అధ్యయనము చేయుటకు సిడ్నీవారికంటె నలువదిరెండేండ్లు ముందే, 1964లో, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున అమెరికన్ స్టడీస్ రిసెర్చి సెంటర్ వెలసినది. దాని గ్రంథాలయము ఆసియాలోనే అమెరికాను గూర్చిన గ్రంథసంచయములలో అగ్రగణ్యమని పేరు గడించినది. కాశ్మీరమునుండి కేరళమువఱకు గల పరిశోధకులు అచ్చటికి వచ్చి నెలల తరబడి చదివిరి, పొరుగుదేశములనుండియు వచ్చిరి. ఇండియన్ జర్నల్ ఆఫ్ అమెరికన్ స్టడీస్ అను పత్రిక అచ్చటినుండి వెలువడినది. అమెరికా సాహిత్యమున భారతదేశమున ఆచార్యులైనవారిలో ఆ గ్రంథాలయపు నీడన చదువనివారు అరుదు.

దాని పోషణ ప్రధానముగా అమెరికావారి సొమ్ముతో జరిగినది. ఆ కాలమున మనకు వచ్చుచుండిన అమెరికా గోధుమలను పాఠకులలో పెద్దవారు మఱచియుండరు. పబ్లిక్ లా 480 అను 1954 నాటి వారి శాసనము క్రింద వచ్చిన ధాన్యమునకు మనము రూపాయలలో వెల చెల్లించితిమి. ఆ రూపాయలు కుప్పలుగా ఇచ్చటనే పేరుకొనగా, కొంతభాగమును విద్యాకార్యములకు వెచ్చించిరి. ఇందలి చోద్యమును గమనింపుడు. అదే శాసనపు రూపాయలతో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమువారు 1962 నుండి ఢిల్లీలో కార్యాలయము పెట్టి మన దేశభాషలలోని గ్రంథములను కొని, తమ విశ్వవిద్యాలయములకు ఓడలపై పంపిరి. తెలుగు గ్రంథములును అందులో వెళ్లినవి. 1958 నాటి తమ జాతీయరక్షణ విద్యాశాసనము క్రింద వారు తమ పిల్లలకు ఆసియా భాషలు నేర్పుటకు సొంత బొక్కసము విప్పిరి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున వెల్చేరు నారాయణరావుగారు తెలుగు బోధించిరి. మన గ్రామమును, మన కులమును, మన ఎన్నికను, మన పద్యమును చదివిన అమెరికను పండితుల వరుస అట్లు సిద్ధమైనది. వారు మనలను చదివినదియు వారి ఏర్పాటుతోనే. మనము వారిని చదివినదియు వారి ఏర్పాటుతోనే!

ఫలితము ముందే ఊహింపదగినది. సోవియట్ యూనియనుతో పోటీ యున్నంతకాలము హైదరాబాదు కేంద్రమునకు ధనము లభించినది. పోటీ ముగిసిన తరువాత, 1990ల దశకమున, ఆ సహాయము సన్నగిల్లినది. కేంద్రము పేరు ఒకటికి రెండుమాఱులు మాఱినది; నేడు ఉస్మానియావారి అంతర్జాతీయ కార్యక్రమముల కేంద్రముగా నున్నది. పుస్తకములు మిగిలినవి గాని నాటి వైభవము మిగులలేదు. అమెరికావారిని నిందించుట అన్యాయము. తమ అక్కఱకు పెట్టినారు, అక్కఱ తీరి మానినారు. ముప్పదియేండ్లు నడచిన సంస్థను మన బొక్కసముతో నిలుపుకొనవలెనని మనకు తోచకపోవుటయే నింద్యము.

రెండవ మిత్రుని విషయమున మన వర్తనము ఇంతకంటె మెఱుగు గాదు. 1971 ఆగస్టు 9వ తేదీన సోవియట్ యూనియనుతో శాంతి, మైత్రి, సహకార సంధి చేసికొంటిమి. మాస్కోలో ప్రగతి, రాదుగ ప్రచురణాలయములు తెలుగులో అచ్చొత్తించిన గ్రంథములు విశాలాంధ్ర దుకాణములలో కారుచౌకగా లభించినవి. ఉప్పల లక్ష్మణరావుగారి వంటివారు మాస్కోలో నివసించి అనువదించిరి. టాల్‌స్టాయి, గోర్కీలు తెలుగు పల్లెలో ఇంటివారైరి. అది మహోపకారమే. కాని ఆ దేశపు ధాన్యాగారము ఎందుకు వట్టిపోవుచున్నది, అందలి జాతులు ఏమి కోరుచున్నవి, కేంద్రపు పట్టు ఎచ్చట సడలుచున్నది అను సంగతులు ఆ పుస్తకములలో లేవు, మనమును విచారింపలేదు. 1991 ఆగస్టులో గోర్బచేవుపై కుట్ర జరిగినప్పుడు, అది తొందరపాటు సంస్కర్తలకు హెచ్చరిక యను భావము వచ్చునట్లు మన ప్రధాని పి.వి. నరసింహారావుగారు మాటాడి విమర్శకు గుఱియైరి. మూడు దినములలో కుట్ర కూలినది. డిసెంబరులో రాజ్యమే అంతరించినది. బహుభాషావేత్తయు, విదేశాంగమంత్రిగా అనుభవము గడించినవాడును అగు ఆయనకే అటు జరుగబోవునది తెలియకపోయెననిన, దోషము వ్యక్తిది గాదు. మిత్రుని నిశితముగా చదివి చెప్పు వ్యవస్థ దేశమున బలపడియుండలేదు. తరువాత మన విమానములకు విడిభాగములు దొరకక పడిన అవస్థలో ఆ అజ్ఞానపు వెల కొంత చేరియున్నది.

ప్రయత్నములే జరుగలేదని మేమనుట లేదు. 1955లో ఢిల్లీలో స్థాపితమై, 1970లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున కలిసిన అంతర్జాతీయ అధ్యయన విద్యాలయము మంచి పండితులను తయారు చేసినది. మన తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమువారు ఆగ్నేయాసియా, పసిఫిక్ దేశముల అధ్యయనమునకు కేంద్రము నడపిరి. విత్తనములు మంచివే; నీరు పెట్టువారు కఱవైరి.

ఇది ఢిల్లీ పెద్దల వ్యవహారము, మనకెందుకని తెలుగు పాఠకుడు అనుకొనరాదు. నేడు లక్షలాది తెలుగువారు అమెరికాలో నివసించుచున్నారు. గుంటూరు, కృష్ణా, కరీంనగరము, నల్లగొండ జిల్లాలలో పొలము కుదువబెట్టి బిడ్డను అచ్చటికి చదువుటకు పంపిన తండ్రులు వేలకు వేలు. 2008లో హైదరాబాదున అమెరికావారి కాన్సులేటు వెలసినది. 2023లో నానక్‌రామ్‌గూడలో దానికి కొత్త భవనము తెఱచుకొన్నది. 2025 ఆగస్టులో అమెరికా మన సరకులపై 50 శాతము సుంకము విధించినది. తీరాంధ్రమున రొయ్యల చెఱువులపై బ్రదుకువారు గుండెలు బాదుకొనిరి. సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు 100,000 డాలర్ల రుసుము ప్రకటింపబడినది. వేల యిండ్లలో ఆ రాత్రి నిదుర లేదు. ఈ రెండును ఆకాశమునుండి ఊడిపడినవి గావు. ఆ దేశమున కర్మాగారములు మూతబడిన పట్టణములలో, ఎన్నికల ప్రసంగములలో, వారి శాసనసభల వాదములలో పదేండ్లుగా కనబడుచుండిన గాలివాటమే అది. చదివి మనకు మన భాషలో చెప్పువారు లేకపోయిరి. వీసా వరుసలో నిలుచుటకు వేకువననే లేచు మనము, ఆ వరుసను పొడిగించు చేతులు ఎవరివో తెలిసికొనుటకు ఒక గదిని, పదిమంది పండితులను పోషింపలేకపోతిమి.

కావున మేము కోరునది స్పష్టము. ఉస్మానియాలోని ఆ గ్రంథసంచయము ఆధారముగా మిత్రదేశముల అధ్యయనమునకు ఒక పీఠమును పునరుద్ధరింపవలయును. దానికి మూలధనము తెలుగు రాష్ట్రముల శాసనసభలును, కేంద్రప్రభుత్వమును ఒక్కమాఱుగా నిచ్చి, ఏటేట చేయి చాచు దైన్యము లేకుండ చేయవలయును. పరదేశపు ధనమైనను, వ్యాపారి విరాళమైనను వచ్చినచో దాత పేరును, పైకమును, షరతును ప్రతి సంవత్సరము అచ్చువేయవలయును. అప్రియమైన నివేదిక వ్రాసిన పండితుని తొలగించు అధికారము ఏ మంత్రికిని ఉండరాదు. నివేదికలు ఆంగ్లమునకే పరిమితము కాక తెలుగునను వెలువడవలయును; రొయ్యలరైతు చదువలేని సుంకశాస్త్రము వానికి నిరుపయోగము. పెద్ద ఒడంబడికలు కుదురకముందే శాసనకర్తలు ఆ పీఠమువారిని పిలిచి విచారించు ఆచారము ఏర్పడవలయును. సిడ్నీలో లేని తలుపు ఇచ్చట పెట్టుకొందము.

పాఠశాలలకు ఉపాధ్యాయులే చాలనప్పుడు ఈ వైభవమెందులకని ఒకరు ఆక్షేపింతురు. ఒక్క సుంకపు దెబ్బకు ఒక్క ఋతువులో చెఱువులపై మనము పోగొట్టుకొన్న దానిని లెక్కించిన యెడల, ముందు హెచ్చరించు పీఠము వైభవమో ఆవశ్యకమో వారికే తెలియును. ఇట్టి విచారణవలన మిత్రులు నొచ్చుకొందురని ఇంకొకరు భయపడుదురు. మనలను గ్రామము గ్రామముగా, కులము కులముగా చదివిన మిత్రులకు నొచ్చుకొను అధికారము లేదు. వారు నొచ్చుకొనరు గూడ. తనను చదివినవానిని బలవంతుడు గౌరవించును. తనను పొగడుటయే ఎఱిగినవానిని చౌకగా కట్టును.

పరుల సొమ్ము తాకకుండ విద్యాలయము నడుచునా యని సందేహించువారు బందరు వైపు చూడవలయును. 1910లో కోపల్లె హనుమంతరావుగారు ఆంధ్రజాతీయ కళాశాలను నెలకొల్పినప్పుడు, పరపాలకుల నెదుట చేయి చాపక, ఈ దేశపు గృహస్థుల చందాలతో దానిని నిలిపిరి. చేతిలో రాజ్యాధికారము లేని కాలమున ఆ పని సాధ్యమైనది. నేడు మనకు రెండు శాసనసభలు, రెండు బొక్కసములు, సముద్రములకు ఆవల లక్షలాది సంపన్నులైన బంధువులు గలరు. లేనిది సంకల్పము. రానున్న ఆయవ్యయపట్టికల చర్చలో ఈ పీఠమునకు ఎంత కేటాయింతురని మీ మీ నియోజకవర్గపు శాసనసభ్యులను అడుగుడు. వారు జవాబు చెప్పువఱకు అడుగుడు.